తడి ఇసుక

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, ఆ ఏడాది ఎండలకి అందులో చుక్క నీరు మిగల్లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఇసుకే. కానీ ఏరు ఎండినా దాని కడుపులో నీళ్లుంటాయర్రా. లోతుగా తవ్వితే ఊరతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. కుళాయి తిప్పేవాళ్లకి ఆ మాటా తెలీదు, ఆ నీళ్ల తీపీ తెలీదు. సరే, కథలోకి వద్దాం.

ఆ అడవికి పెద్ద, భద్రమ్మ అనే ఆడ ఏనుగు. దాని మనవరాలు, నెలల గున్న, దాహంతో ఒడ్డున చతికిలబడింది. భద్రమ్మ కాలు మోపితే ఇసుక గుంట గట్లు కూలిపోతాయి. అందుకని గోళ్లున్నవాళ్లనీ కోరలున్నవాళ్లనీ పిలిచింది.

"చెలమ తవ్వండి. నీళ్లు పడకపోతే ఈ అడవిలో ఎవరమూ మిగలం."

ఎలుగుబంటి, అడవిపంది, ముళ్లపంది ఏట్లోకి దిగాయి. నక్క మేస్త్రీ అయింది.

"అమ్మగారూ, ఎవడు పనిచేస్తున్నాడో, ఎవడు కునుకు తీస్తున్నాడో తెలిసేదెలా?" అంది నక్క. "ఎవరి ఇసుక కుప్ప పెద్దదో వాళ్లకి నేరేడు చెట్టు నీడ. తక్కినవాళ్లకి ఎండ. ఏమంటారు?"

భద్రమ్మ మనసంతా గున్న మీదే ఉంది. "అలాగే కానీ" అంది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

మొదటి రోజు ఎలుగుబంటికి నీడ దొరికింది. రెండో రోజు అడవిపందికి. మూడో రోజు ముళ్లపంది ఏకంగా తన కుప్పెక్కి, "ఏం ఎలుగు బావా, ఎండ బాగుందా?" అని వెక్కిరించింది.

రోజూ భద్రమ్మ అడిగేది, "కుప్ప ఎంతైంది?" అని.

"కొండంత, అమ్మగారూ!" అనేది నక్క.

"రేపు తాగుదువుగాని తల్లీ" అని భద్రమ్మ గున్నని నిమిరేది.

నాలుగో పొద్దున గున్న కళ్లు తెరవలేదు. నాలుక చెట్టు బెరడులా ఎండిపోయింది. భద్రమ్మ గబగబా ఏటి దగ్గరికి వచ్చింది. ఎటు చూసినా కుప్పలే. ఒక్కో కుప్ప పక్కన పళ్లెంలాంటి గుంట. ఒక్కటీ మోకాలి లోతు లేదు.

"ఎవరికీ తడి తగల్లేదా?" అని అడిగింది భద్రమ్మ.

అడవిపంది ముట్టె దించుకుంది. "తగిలింది భద్రమ్మా. మొదటి రోజే, ఆ బండ పక్కన."

"మరి?"

"తడి ఇసుక బరువు. ఎంత తోడినా కుప్ప లేవదు. ఆ రోజు ఎండలో పడ్డాను. మర్నాడు పొడి చోటికి మారిపోయాను."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"రోజూ కుప్పెంత అని అడిగారు. తడి సంగతి ఎవరూ అడగలేదు కదమ్మా."

భద్రమ్మ ఆ బండ వైపు నడిచింది.

"ఈ పందిని వెళ్లగొట్టండి అమ్మగారూ!" అంది నక్క.

"నోరు మూసుకుని తవ్వు. నీకూ గోళ్లున్నాయి."

తీరా చూస్తే, బండ పక్కన ఆ తడి గుంటని సగం పూడ్చేసి ముళ్లపంది కుప్ప ఉంది. అందరికన్నా పెద్ద కుప్ప!

"అయ్యో, నా కుప్ప!" అని ముళ్లపంది ఏడుస్తూనే తోసింది. తోసిన ఇసుక జరజరా మళ్లీ గుంటలోకే జారింది. ఎండ ముదిరింది. ఒడ్డున గున్న ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

భద్రమ్మ కుప్పకీ గుంటకీ మధ్య, అంచుకి ఎడంగా, కాలుతున్న ఇసుకలో అడ్డంగా పడుకుంది. జారే ఇసుక దాని వీపుకి తగిలి ఆగింది.

"నేనే గట్టుని. తవ్వండి!"

ఎలుగుబంటి తోడింది. నక్క లాగింది. అడవిపంది నడుము దాకా, ఆపైన తోక దాకా లోపలికి దిగిపోయింది. అప్పుడు లోపలి నుంచి ఒక తుమ్ము వినిపించింది. బురద ముట్టె పైకి లేచింది.

"ఊరుతోంది భద్రమ్మా!"

భద్రమ్మ పడుకున్న చోటి నుంచే తొండం చాచి, నీళ్లు నింపుకుని పరుగెత్తింది. మొదట పోసిన నీళ్లు గున్న నోట్లోంచి కారిపోయాయి. రెండోసారీ కారిపోయాయి. మూడోసారి గొంతు కదిలింది.

ఆ సాయంత్రం భద్రమ్మ వచ్చి, "చెలమలో నీరు ఎంత లోతు ఊరింది?" అని మాత్రమే అడిగింది. నేరేడు నీడలో అందరూ ఒకరి మీద ఒకరు ఇరుక్కుని పడుకున్నారు. ముళ్లపంది పక్కన చోటు మాత్రం నక్కకి దక్కింది.

నీతి: పెద్దలు దేన్ని అడిగితే పనివాళ్లు దాన్నే పెంచుతారు. నీళ్లు కావలసినవాడు కుప్పని కొలవకూడదు.