వంకర రాళ్ళ మాత గుడి

అమ్మలారా, అయ్యలారా! మెలాంద్ర దీవి రేవులో మీ ఓడ ఆగేది ఒక్క పగలే. బైజాంటిన్ చక్రవర్తుల నాటి కోటగోడలు, స్నానశాలలు చూసి కాళ్ళు పీకుతున్నా సరే, కొండ అంచున ఉన్న ఈ చిన్న గుడి మెట్లు ఎక్కండి. లోపలి గోడమీద బంగారు గాజురాళ్ళతో వెలసిన దేవమాతను కన్నులారా చూడండి. ఇక్కడ నియమం ఒక్కటే: గుమ్మంలో ఎవరూ నిలబడరాదు. ఎందుకంటారా, వినండి.

పూర్వం ఇక్కడ నికెటాస్ మేస్త్రీ ఈ మూర్తిని అతికిస్తున్న రోజుల్లో, జోయే అనే పడుచు ఆయన దగ్గర పనిచేసేది. చేపల వేటకు వెళ్ళిన ఆమె తండ్రి మూడు రోజులైనా తిరిగి రాలేదు. జోయే తడి సున్నంలో ఒక్కో రాయి గుచ్చుతూ, తెరిచిన తలుపులోంచి సముద్రం వైపు చూసేది. చూపుతోపాటు చెయ్యీ తిరిగేది. మాత శిరస్సు చుట్టూ ఉన్న రాళ్ళన్నీ తలుపు వైపుకు ఒరిగిపోయాయి.

మేస్త్రీ చూసి మండిపడ్డాడు. "ఏమే పిల్లా, గోడకు కూడా సముద్రం చూపిస్తున్నావా? సున్నం ఆరేలోగా అన్నీ సరిచెయ్యి. లేకపోతే రేపటినుంచి పనికి రాకు!" అని భోజనానికి వెళ్ళిపోయాడు.

ఏడ్చి ఏడ్చి జోయే గోడవారనే కునుకు తీసింది. కలలో మాత కనిపించి, "బిడ్డా, నీ చెయ్యి ఎటు చూసిందో నా వెలుగునూ అటే చూడనివ్వు" అన్నది.

మెలకువ వచ్చేసరికి సముద్రమంతా పొగమంచు. సున్నం ఇంకా తడిగానే ఉంది. జోయే తాపీ కింద పెట్టి దీపాలన్నీ వెలిగించింది. ఏమని చెప్పను! ఒరిగిన ఆ రాళ్ళు వెలుగును ఒడిసిపట్టి, ఒకే ధారగా తలుపులోంచి సముద్రం మీదికి పంపాయి.

అప్పుడే మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సరిచేశావా?"

"అడ్డు తప్పుకోండి మేస్త్రీగారూ! మా నాన్న వస్తాడు!"

జన్మలో అలాంటి గదమాయింపు వినని ఆ పెద్దమనిషి నివ్వెరపోయి పక్కకు జరిగాడు. కాసేపటికి పడవ రేవు చేరింది. తండ్రి తడిబట్టలతో మెట్లెక్కి వచ్చి, "మంచులో ఎవరో బంగారు తలుపు తీసినట్టు కనిపించిందమ్మా. నడుమ ఒక్క క్షణం మూసుకుపోయింది. ఇక అయిపోయాననుకున్నాను" అన్నాడు.

ఆ క్షణం ఏదో మేస్త్రీకి తెలుసు. ఆయన మోకాళ్ళమీద కూలబడి, "తల్లీ, మిగతా గోడంతా నువ్వే రాళ్ళు అతికించు. ఇలాగే వంకరగా" అన్నాడు.

ఆ రాళ్ళను నేటికీ ఎవరూ సరిచేయలేదు. ఇక్కడ దీపం పెట్టి, ప్రయాణంలో ఉన్న తమవారి పేరు తలుచుకున్నవారికి మాత చల్లని చూపు తోడుంటుంది. ఫోటోకోసం గుమ్మంలో నిలబడితే కాపలా అవ్వ కొంగు విసిరి మరీ తరుముతుంది: "జరగండి నాయనా, ఎవరో వస్తున్నారు!"

సాయంకాలం మీ ఓడ కదిలాక, ఒక్కసారి కొండవైపు చూడండి. ఆ బంగారు వెలుగు మీదాకా వచ్చిందంటే, మీరెవరో తెలియనివారు మీకోసం గుమ్మం వదిలి పక్కకు నిలబడ్డారన్నమాట.