బొంతయ్య ట్రాక్టరు, బొంతయ్య మొహమాటం

అనగనగా ఒక అడవి. అది ఏ రాజు కాలమో నేను చెప్పలేను గానీ, ట్రాక్టర్లు వచ్చిన తర్వాతి కాలమే. అడవిలో ట్రాక్టరేమిటని అడిగేవాళ్ళు ఇప్పుడే అడిగేయండి, మధ్యలో అడిగితే నాకు కోపం వస్తుంది.

ఆ అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి కాపురం ఉండేవాడు. ఒళ్ళంతా జుట్టు, మనసంతా వెన్న. అతని భార్య సూరాలు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. వాగు పక్కన చిన్న వేరుశనగ పొలం. ఆ పంట చేతికొస్తేనే చలికాలంలో పిల్లలకి నాలుగు మెతుకులు.

ఏళ్ళ తరబడి తేనె అమ్మి, బొంతయ్య ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఎర్రగా, ముద్దుగా ఉండేది. పెద్ద ట్రాక్టరయితే చెట్ల మధ్య ఇరుక్కుపోయేది. ఇదయితే మద్దిచెట్టుకీ మద్దిచెట్టుకీ మధ్య వయ్యారంగా తిరిగి వచ్చేది. దానికి వెనక తగిలించే సామాను మూడు రకాలు. దున్నడానికి నాగలి, విత్తడానికి గొర్రు, మోయడానికి ట్రాలీ. ఈ మూడూ లేకపోతే ట్రాక్టరు ఉత్త చప్పుడే.

బొంతయ్య బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. దిష్టి పోయింది గానీ, బొంతయ్యకి పుట్టుకతో వచ్చిన జబ్బు మాత్రం పోలేదు. ఆ జబ్బు పేరు మొహమాటం. ఎవరేం అడిగినా అతని నోటికి “అలాగే” తప్ప ఇంకో మాట రాదు.

ముందుగా అడవిపంది వచ్చింది.

“బావా, నీ నాగలి కావాలి. నీకు మూతి ఉంది కదా, నాగలెందుకు అంటావేమో. కొత్త కోడలొచ్చింది. మామగారు మూతితో నేల తవ్వుతుంటే కిసుక్కున నవ్వుతోంది. పరువు పోతోంది బావా!”

“అలాగే బావా,” అన్నాడు బొంతయ్య. తనే వెళ్ళి దున్ని పెట్టాడు. పని అయ్యాక పంది, “మళ్ళీ రేపు తేవాలిగా, ఇక్కడే ఉండనీ,” అంది. బొంతయ్య నాగలి విప్పి అక్కడే వదిలేశాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు. పంది మాత్రం నాగలికి వీపు ఆనించి హాయిగా గోక్కోవడం మొదలుపెట్టింది.

తర్వాత ఆడనెమలి వచ్చింది.

“అన్నయ్యా, నాలుగు కొర్రలు వేసుకుందామని. చేత్తో చల్లితే వెనకాలే మా చుట్టాలు ఏరుకు తింటున్నారు. గొర్రుతో లోతుగా వేస్తే గానీ నాకు దక్కవు.”

“అలాగే తల్లీ,” అన్నాడు బొంతయ్య. విత్తడం అయ్యింది. గొర్రు మీది పెట్టెలో మిగిలిన గింజలు తినడానికి నెమలి అందులోకి దిగింది. గింజలు బాగున్నాయి, పెట్టె వెచ్చగా ఉంది. మర్నాటికి అందులో గుడ్లు కూడా ఉన్నాయి.

ఆఖరున నక్క వచ్చింది. బొరియ మారుతున్నానని ట్రాలీ తీసుకెళ్ళింది. సామాను ఏముందంటారా? ఒక కోడిరెక్క, ఒక చాప. అయినా ట్రాలీ కావాలట! తీసుకెళ్ళిన వారానికల్లా అది “మా ట్రాలీ” అయిపోయింది. కుందేళ్ళకి అరువిచ్చి, “జాగ్రత్త, గీతలు పడితే ఊరుకోను,” అని గదమాయించేది కూడా.

ఇంతలో తొలకరి పడింది. ఒక రాత్రంతా కురిసి, తెల్లారేసరికి నేల కమ్మగా వాసన వేసింది.

“ఏమయ్యా, నేల తడిసి దున్నడానికి పదును వచ్చింది. ఎండ ముదిరితే ఆరిపోతుంది. వెళ్ళి మన సామాను పట్రా,” అంది సూరాలు.

బొంతయ్య ట్రాక్టరెక్కి పంది దగ్గరికి వెళ్ళాడు.

“బాగున్నావా బావా?”

“ఏం బాగు! నీ నాగలి మొన వీపులో గుచ్చుకుంటోంది.”

“అయ్యయ్యో,” అని బొంతయ్య దిగి, నాగలిని కాస్త వాల్చి, పంది వీపుకి సరిగ్గా తగిలేలా సర్ది పెట్టి వచ్చేశాడు.

నెమలి దగ్గరికి వెళ్ళాడు. గుడ్లు చూడగానే అతని మనసు కరిగిపోయింది. “నిండు నూరేళ్ళు చల్లగా ఉండండమ్మా,” అని, వాన తగలకుండా తన తుండుగుడ్డ గొర్రు మీద కప్పి వచ్చేశాడు.

నక్క దగ్గరికి వెళ్ళి, తల గోక్కుంటూ, “తమ్ముడూ, ఆ ట్రాలీ...” అన్నాడు.

“నీకు కావాలా అన్నా? దానికంత మొహమాటమెందుకు? తీసుకెళ్ళు. రేపటికల్లా తిరిగి తెచ్చి పెట్టు,” అంది నక్క.

“నీ మేలు మర్చిపోలేను తమ్ముడూ!” అన్నాడు బొంతయ్య. నిజంగానే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

ట్రాలీతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి సూరాలు సంబరపడింది. ఒక్కటైనా తెచ్చాడు కదా అనుకుంది. “దీన్ని రేపు నక్కకి తిరిగి ఇచ్చెయ్యాలి. మాటిచ్చాను,” అన్నాడు బొంతయ్య. సూరాలు నుదురు కొట్టుకుంది.

మర్నాడు చెప్పిన వేళకే ట్రాలీ తీసుకెళ్ళాడు. నక్క చుట్టూ తిరిగి చూసి, “కడగలేదేం?” అంది. బొంతయ్య వాగులో నీళ్ళు మోసి శుభ్రంగా కడిగాడు.

నక్క మీసం దువ్వుకుని, “అన్నా, నాదొక మాట. ట్రాలీ ఒక చోట, ట్రాక్టరు ఒక చోట ఉంటే చూడ్డానికి బాగుంటుందా? రెండూ ఇక్కడే ఉండనీ. నీకెప్పుడు కావాలన్నా అడుగు, ఇస్తాను,” అంది.

వద్దు, వద్దు, వద్దు అని లోపల బొంతయ్య గుండె కొట్టుకుంది. నోరు మాత్రం, “అలాగే తమ్ముడూ,” అంది.

నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

“ట్రాక్టరేదీ?” అంది సూరాలు.

బొంతయ్య నేల చూపులు చూశాడు. సూరాలు తిట్టలేదు. పొలంలోకి వెళ్ళి గుప్పెడు మట్టి తీసి పిసికింది. నిన్న ముద్దయిన మట్టి ఇవాళ పొడిపొడిగా రాలుతోంది. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

“రేపటికి ఇది రాయి అయిపోతుంది. చలికాలంలో పిల్లలు ఆకలని ఏడిస్తే వాళ్ళ నోట్లో ఏం పెడతావయ్యా? నీ మొహమాటమా?”

బొంతయ్యకి అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. భూమిలోకి కూరుకుపోదామనుకున్నాడు గానీ, భూమి అప్పటికే గట్టిపడుతోంది.

సూరాలు కళ్ళు తుడుచుకుని లేచింది. కుండలు, చట్లు, నులకమంచం, పిల్లలు, అన్నిటినీ మూటగట్టి నక్క బొరియకేసి బయల్దేరింది. బొంతయ్య మంచం మోస్తూ వెనకాల నడిచాడు.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే, “లోపలికి రండి, ఇది మీ ఇల్లే అనుకోండి, భోంచేసి వెళ్ళండి,” అనాలి. వచ్చినవాళ్ళు, “ఎంత మాట! ఇంకోసారి వస్తాం,” అని గుమ్మంలోంచే తిరిగి వెళ్ళాలి. తాతల నాటి నుంచీ అలాగే జరుగుతోంది. లోపలికి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

“రండి వదినా, ఇది మీ ఇల్లే అనుకోండి. భోంచేసి గానీ వెళ్ళకూడదు,” అంది నక్క అలవాటుగా.

“అలాగే మరిదీ,” అని సూరాలు లోపలికి దిగింది. పిల్లలు దూకారు. కుండలు దొర్లాయి. ఆఖరికి బొంతయ్య దూరబోయి, బొరియ ద్వారంలో నడుము దగ్గర బిరడాలా బిగుసుకుపోయాడు. లోపల మసకచీకటైంది. పిల్లల్లో ఒకడు నక్క తోక పట్టుకుని, “అమ్మా, ఇక్కడ చీపురు ఉంది,” అన్నాడు.

“వదినా, ఎ... ఎన్నాళ్ళుంటారు?” అంది నక్క, చుట్టాల్ని అలా అడక్కూడదని తెలిసీ.

“మా ట్రాక్టరు ఎక్కడో మేమూ అక్కడే నాయనా. మాకింకేం పని? పొలం ఎండిపోయింది. ఇవాళ వంటేమిటి?”

“ట్రాక్టరు తీసుకెళ్ళిపో తల్లీ! ట్రాలీ కూడా తీసుకెళ్ళు!”

“నన్ను కాదు, ఆయన్ని అడుగు. ఏమయ్యా, ఆ ట్రాక్టరు ఎవరిది?”

ద్వారంలో బిగుసుకున్న బొంతయ్య తల అటూ ఇటూ తిప్పాడు. అటు నక్క మొహం, ఇటు పిల్లల మొహాలు. పిల్లల మొహాలే చూశాడు.

“మ... మ... మాది,” అన్నాడు.

“ఎప్పుడు కావాలి?” అంది సూరాలు.

“ఇ... ఇప్పుడే!”

ఆ మాట అనేసరికి బిగబట్టిన ఊపిరంతా బయటికి వచ్చి, పొట్ట తగ్గి, బొంతయ్య ద్వారంలోంచి వెనక్కి ఊడి బయట పడ్డాడు.

ట్రాక్టరుకి ట్రాలీ తగిలించి అందరూ పంది దగ్గరికి వెళ్ళారు. “బావా, నా నాగలి కావాలి,” అన్నాడు బొంతయ్య. ఈసారి మాట పూర్తిగానే వచ్చింది.

“మరి నా వీపు?” అంది పంది.

“ఎదురుగా మద్దిచెట్టు ఉంది. దాని బెరడు ఇంకా బాగా గోకుతుంది.”

పంది గొణిగింది, సణిగింది, నాగలి ఇచ్చేసింది.

మిగిలింది నెమలి. జిత్తులమారి నక్కని అడగడం ఒక ఎత్తు, గుడ్లు పొదిగే తల్లిని అడగడం ఒక ఎత్తు. కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు. “అమ్మా, పదును ఆరిపోతోంది, గొర్రు లేకపోతే మా పిల్లలకి తిండి లేదు, నాకు ఇప్పుడే కావాలి.”

నెమలి తెల్లబోయింది. “అయ్యో అన్నయ్యా! ముందే చెప్పొద్దూ? నువ్వొచ్చి దీవించి, తుండుగుడ్డ కప్పి వెళ్తే, నీకు అవసరం లేదేమో అనుకున్నాను. నాకు నేల మీద కాస్త గడ్డి చాలదూ? అడగకుండా నన్నెంత పాపంలో పడేశావు!”

తన మొహమాటం మంచివాళ్ళని కూడా చెడ్డవాళ్ళని చేస్తుందని బొంతయ్యకి అప్పటిదాకా తట్టలేదు.

కొత్త గూడు అమరేదాకా గుడ్లు చల్లబడకూడదు కదా. అందుకని బొంతయ్య చెట్టు కింద వెల్లకిలా పడుకున్నాడు. నెమలి గుడ్లన్నీ తెచ్చి అతని పొట్ట మీది జుట్టులో పెట్టి, గూటికి గడ్డి ఏరడానికి వెళ్ళింది. సూరాలు గొర్రు ట్రాలీలో వేసుకుని వెళ్ళి, నాగలి కట్టి దున్నింది, గొర్రు కట్టి విత్తింది. పిల్లలు వెనకాలే మట్టి కప్పుతూ నడిచారు. అడుగున ఇంకా చెమ్మ ఉంది. పొద్దు వాలేలోగా ఆఖరి గింజ నేలలో పడింది.

గూడు అమరింది గానీ, నెమలికి ఆ మెత్తటి పొట్ట మీద ఆశ పుట్టింది. “అన్నయ్యా, పిల్లలు లేచేదాకా ఇలాగే పడుకుంటావా?” అని గోముగా అడిగింది.

బొంతయ్య నోటి దాకా “అలాగే” వచ్చింది. మింగేశాడు.

“దీపాలు పెట్టే వేళ దాకా పడుకుంటానమ్మా. ఆ తర్వాత నా పొట్ట నాకు కావాలి, అన్నం తినాలి,” అన్నాడు.

నెమలి ఏమీ అనుకోలేదు సరికదా, పకపకా నవ్వింది. ఆ ఏడు వేరుశనగ విరగకాసింది. బొంతయ్య పనిముట్లు అడిగినవాళ్ళకి ఇస్తూనే ఉన్నాడు, పని కాగానే వెళ్ళి తెచ్చుకుంటూనే ఉన్నాడు.

కాబట్టి పిల్లలూ, అడిగినవాళ్ళకి ఇచ్చే మనసు ఎంత మంచిదో, “ఇది నాది, నాకిప్పుడు కావాలి” అని చెప్పే నోరు కూడా అంతే అవసరం.