గవరమ్మ ఎగరేసిన దూది

అనగనగనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, గంటలవలస అని ఒక ఊరుండేది. ఊరంతా కంచరివాళ్లే. రాగి, తగరం, సీసం కరిగించి గంటలు పోసేవారు. ఊరికి తూర్పున పెద్ద కొలిమి. దాని పొగ పగలనక రాత్రనక ఇళ్ల మీదుగా పోయేది. పొగ లేస్తోందంటే ఇంటింటా కూడు ఉడుకుతున్నట్టే అని సంతోషపడేవారు.

ఆ ఊరి మంత్రసాని పేరు గవరమ్మ. మొగుడు ఏనాడో పోయాడు. ఆవిడకున్నదల్లా సూరమ్మ అనే ఒక్కగానొక్క కూతురు, పురుడు పోసే రెండు చేతులు.

ఊరికి ఒక చిత్రమైన కష్టముండేది. తొలిచూలు బిడ్డలు రాళ్లలా గట్టిగా ఉండేవారు. ఆ తర్వాత పుట్టినవాళ్లు మాత్రం నలతగా పుట్టి, చిక్కి శల్యమయ్యేవారు. నడక రాదు, మాట రాదు. కొందరు ఏడాది తిరక్కుండానే పోయేవారు. దిష్టి అనుకుని, బిడ్డని తవుడుకి అమ్మి మళ్లీ తెచ్చుకుని, తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు పెట్టేవారు. వీధిలో నిలబడి తవిటయ్యా అంటే నలుగురు పలికేవారు. పేర్లు మారాయి గానీ బిడ్డల రాత మారలేదు.

చివరికి ఊరు గవరమ్మ వైపు చూసింది. నెల తప్పగానే తొలిచూలుకి పిల్లని పుట్టింటికి పంపి, బిడ్డ నడక నేర్చాక తెచ్చుకోవడం అక్కడి ఆచారం. ఆ పుట్టింటి ఊళ్లో పురుడు పోసేది వేరే మంత్రసాని. మలిచూలు నుంచి పురుడు ఈ ఊళ్లోనే, గవరమ్మ చేతుల మీదే.

"ఆ సేతులే మంచివి కావు," అన్నాడు కొలిమి పెద్ద అప్పన్న. ఊరంతా ఔనంది.

గవరమ్మ కూడా కాదనలేకపోయింది. సూరమ్మని ఆ ఊళ్లోనే ఇచ్చింది మరి. దానికి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే వీధి. దాని తొలిచూలు తన చేతిలోనే పుట్టి, తన చేతిలోనే కన్ను మూసింది. ఇప్పుడు సూరమ్మకి మళ్లీ నెల తప్పింది. గవరమ్మ పొద్దస్తమానం తన చేతులు చూసుకుంటూ కుమిలిపోయేది.

ఏడ్చి ఏడ్చి, ఒకనాడు కళ్లు తుడుచుకుంది. "సేతులో, నీళ్లో, గాలో. మూడిట్లో ఏదో తేల్సుకోవాల," అనుకుంది.

ముందు చేతులు. పక్కింటి పురుడుకి తాను వెళ్లలేదు. పొరుగూరి మంత్రసానిని తెప్పించి, తాను గడప బయటే కూర్చుంది. బిడ్డ నలతగానే పుట్టాడు. తప్పు తన చేతులది కాదేమోనని గవరమ్మకి ఊరట కలిగింది. ఆ వెంటనే, అలాంటి బిడ్డని చూసి ఊరట పడ్డందుకు సిగ్గుతో కుంగిపోయింది.

తర్వాత నీళ్లు. ఊళ్లోవాళ్లు తాగేది ఊరి పక్కన పారే గెడ్డ నీళ్లు. ఆ గెడ్డే కొండ చుట్టి అవతల గొల్లపేటకి పోతుంది. గవరమ్మ గొల్లపేటకి నడిచి చూసింది. అక్కడి పిల్లలు, తొలిచూలూ మలిచూలూ తేడా లేకుండా, మేకపిల్లలతో పోటీపడి గెంతుతున్నారు. నీళ్లూ కాదు.

ఇక గాలి. గవరమ్మ కొలిమి దగ్గర నిలబడి చిటికెడు దూది ఎగరేసింది. ఒకసారి ఎగరేసింది, ఊరి మీదికి పోయింది. రెండోసారి ఎగరేసింది, ఊరి మీదికే పోయింది. మూడోసారీ అంతే. కొండ దాటి గొల్లపేటకి ఒక్కటీ పోలేదు. తన వాకిట్లో ఒక తెల్లగుడ్డ ఆరేసింది, గొల్లపేటలో ఒకటి ఆరేసింది. గొల్లపేట గుడ్డ తెల్లగానే ఉంది. వాకిట్లో గుడ్డ దులిపితే బూడిదరంగు పొడి రాలింది.

ఆ గుడ్డ పట్టుకుని అప్పన్న దగ్గరికి పోయింది.

"పొగా? పుట్టిన కాడ్నుంచీ పీలుస్తన్నాను. సచ్చిపోనానేటి?" అని నవ్వాడు అప్పన్న.

"నువ్వు తొలిసూలోడివి బావూ, నడకొచ్చేదాకా అమ్మ పుట్టింట పెరిగినోడివి. నీ తమ్ముళ్లు ఎందరు మిగిలారో సెప్పు," అంది గవరమ్మ.

అప్పన్న నవ్వు ఆగిపోయింది. "కొలిమి ఆర్పీసి ఏటి తింటాం?" అన్నాడు.

"ఆర్పమన్లేదు. ఊరు దాటించి పడమటి బయల్లో ఎట్టుకోమంటన్నాను."

అప్పన్న లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. గవరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని గొల్లపేట చేరి, ఒక గొల్లామె పాకలో చోటు అడుక్కుంది. నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యేసరికి గవరమ్మ తన చేతులు వెనక్కి దాచుకుంది.

"ఇంకొకర్ని పిలుద్దునా తల్లీ?"

"వొద్దమ్మా. నీ సేతులతోనే," అంది సూరమ్మ.

బిడ్డ పుట్టింది. కెవ్వున ఏడ్చింది. పాక బయట కట్టేసిన మేకలన్నీ బెదిరి లేచాయి. ఆ ఏడుపు విని గవరమ్మ కూడా సంతోషంతో గొంతెత్తి ఏడ్చింది.

అది అదృష్టమంది ఊరు. "అవును, ఒక్క బిడ్డని సూసి నానూ నమ్మను. ఇంకొందరు రండి," అంది గవరమ్మ. ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ దిట్టమైన బిడ్డలే. ఇక కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లలవాళ్లు, ఆఖరికి అప్పన్న కోడలు కూడా మూట కట్టుకుని కొండ దాటేశారు. గంటలవలసలో మగవాళ్లు మాడిన గంజి తాగుతూ మిగిలారు. గంటలు బాగానే మోగాయి గానీ, వినడానికి ఇళ్లలో ఎవరూ లేరు.

ఒకనాడు అప్పన్నే పాత కొలిమి మీద మొదటి పలుగు దెబ్బ వేశాడు.

పడమటి బయల్లో కొత్త కొలిమి వెలిగించేనాటికి గవరమ్మ మంచం పట్టింది. ఆ పొగ ఆవిణ్ణీ వదల్లేదు. సూరమ్మ బయల్లో దూది ఎగరేసి, పరుగున వచ్చింది.

"ఎటు పోయిందే?"

"ఊరికి ఎడంగా పోయిందమ్మా."

అప్పన్న వచ్చి మంచం పక్కన కూలబడి, ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. గవరమ్మ ఆ పొద్దే కన్ను మూసింది.

ఎన్ని తరాలు గడిచాయో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్లో కొలిమి వెలిగించే ముందు చిటికెడు దూది ఎగరేసి, "గవరమ్మా, ఎటు?" అని అడుగుతారు. దూది ఇళ్ల వైపు మళ్లిందా, గంట కోసం ఎంత గొప్పవాడొచ్చి కూర్చున్నా ఆ పూట నిప్పు రాజెయ్యరు. ఆ ఊళ్లో ఇప్పుడు తవిటయ్య అని పిలిస్తే పలికేవాడు లేడు.

పురుడు పోసిన ప్రతి మంత్రసానీ బిడ్డకి మొదటి నీళ్లు పోశాక, తన రెండు చేతులూ బిడ్డ ముందు చాచి చూపిస్తుంది. "సూడమ్మా, గవరమ్మ సేతులు. ఏ తప్పూ లేదు," అంటుంది. ఆ మాట అన్నాకే బిడ్డని తల్లి ఒళ్లో పెడతారు.