తుడిచేసిన హరికథ

విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే సన్యాసిరావు మాస్టారికి ఒక అలవాటు. ఎవరు పెట్టె మోసుకొచ్చినా ఏం పోయిందని అడగరు. "పోయాక దీన్ని ముట్టుకున్నారా?" అని అడుగుతారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మంగవేణికి ఆ ప్రశ్న వింటే ఒళ్లుమంట. ఓ రోజు నిలదీసింది.

"తుడిచేసినా డిస్కు ఆ చోటును ఖాళీ అనుకుంటుందే గాని, ఉన్నది అక్కడే ఉంటుందన్నారు. మరది నిజంగా పోయేదెప్పుడు మాస్టారూ?"

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వారంటే జవాబు ఇప్పట్లో రాదని అర్థం.

ఆ వారంలోనే హరిదాసు లింగమూర్తి భార్యతో వచ్చాడు. ఒకప్పుడు మైకు లేకుండా ఊరంతటికీ కథ వినిపించిన మనిషి. గొంతుకు ఆపరేషనయ్యాక మాట పడిపోయింది, మెడకు మఫ్లరు మిగిలింది. చెప్పిన కథలన్నిటిలోకీ ఒక్కటే రికార్డయింది, అదీ ఇంట్లో కంప్యూటర్లో.

"నిండిపోయిందంటే పనికిరానివి తీస్తూ, దాన్ని కూడా నేనే తుడిచీసేను బాబూ," అంది భార్య నూకరత్నం.

"పోయాక ముట్టుకున్నారా అమ్మా?"

"చేతులు ముడుచుకుని కూర్చోగలనా? తెలిసినవాళ్లందర్నీ బతిమాలి, ఈయన సన్మానాల ఫోటోలన్నీ తెప్పించి అందులో ఎక్కించేను. గొంతు పోయినా మనిషైనా నిండుగా కనిపిస్తాడని."

మాస్టారు ఆ ప్రశ్న ఎందుకడుగుతారో మంగవేణికి అప్పుడు అర్థమైంది. డిస్కు ఖాళీ అనుకున్న చోటులోనే, ఆ కథ మీదే, ఫోటోలన్నీ రాసేసి ఉంటుంది. పాపం, ఆ ఇల్లాలు ప్రేమ కొద్దీ చేసిన పని అది.

అయినా మాస్టారు సాయంత్రం దాకా వెతికారు. చివరికి ఆ రికార్డు మొదలు ఎక్కడో దొరికింది. గజ్జెలు వినిపించాయి, చిడతలు వినిపించాయి. బల్ల మీద కూర్చున్న దాసు చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీద తాళం వేసింది. పాట ఎత్తుకోవలసిన చోట బరబరమని రొద, ఆ తర్వాత అదీ లేదు. దాసు చెయ్యి ఆగిపోయింది. ఏడుద్దామన్నా గొంతు లేని మనిషిని చూడటం మంగవేణి వల్ల కాలేదు.

"నేను తుడిచినందుకే పోయిందా బాబూ?" అంది నూకరత్నం.

"తుడిచినందుకు కాదండీ, ఆ తర్వాత మీరు..." అనబోయింది మంగవేణి.

"డిస్కు పాతదమ్మా," అని మాస్టారు అడ్డొచ్చారు. "దాని ఆయుష్షే తీరిపోయింది. మీరు చేసిందేమీ లేదు."

నూకరత్నం కళ్లొత్తుకుంది. "పోనీలెండి. ఈయన పాట ఎత్తుకుంటే ఎలాగుండేదో నా చెవిలో ఉంది. తెల్లారగట్ల ఇప్పటికీ వినబడతాది," అంది. దాసు కంప్యూటరు చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

మంగవేణి ఉండబట్టలేక, "అబద్ధం ఎందుకు చెప్పారు మాస్టారూ? నిజం తెలుసుకునే హక్కు ఆమెకు లేదా?" అంది.

మాస్టారు బల్ల మీది మరలు ఏరుకుంటూ, తలెత్తకుండా అన్నారు:

"ఆ గొంతు ఇక మిగిలింది ఆమె చెవిలోనే అమ్మాయ్. దాని మీద నువ్వేం రాయబోయావో చూసుకున్నావా?"