మడ అడవికి వచ్చిన గుర్రం

సముద్రం ఒడ్డున ఒక మడ అడవి ఉండేది. అందులో నక్కలు, నీటికుక్కలు, కొంగలు, దుప్పులు కాపురముండేవి. వాటన్నిటికీ పెద్ద, భీమప్ప అనే దున్నపోతు. మంచివాడే. కాకపోతే తనకు తెలియనిది లోకంలో ఒకటుందంటే ఒప్పుకునే రకం కాదు.

ఆ రోజుల్లో రాజుగారి సైన్యం కోసం అరబ్బు దేశం నుంచి ఓడల్లో గుర్రాలు వచ్చేవి. ఓసారి తుఫానులో ఒక ఓడ పగిలిపోయింది. జహీర్ అనే గుర్రం ఒక్కటే ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది. దాన్ని ముందు చూసింది చుక్కి అనే ఆడదుప్పి. తనే అడవిలోకి వెంటబెట్టుకొచ్చింది.

భీమప్ప పొంగిపోయాడు. "మనింటికొచ్చిన చుట్టం. ఏ లోటూ రాకూడదు" అన్నాడు. చిత్తడిలో మొలిచిన లేతగడ్డి దగ్గరుండి తినిపించాడు. తన బురదమడుగులోనే పడక వేయించాడు.

నాలుగు రోజులకు జహీర్ పొట్ట ఉబ్బింది. గిట్టలు మెత్తబడి చీముపట్టాయి. చుక్కికి నిరుటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడు అలలకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇంకో గుర్రానికీ భీమప్ప మర్యాదల తర్వాత సరిగ్గా ఇలాగే మొదలైంది. వారం తిరక్కుండా అది ఆ మడుగులోనే ప్రాణం విడిచింది.

"మామా, మన తిండి ఇతనికి పడటం లేదేమో" అంది చుక్కి భయం భయంగా.

"నాకు పడింది వాడికెందుకు పడదు? ఇంకో మోపు తెప్పించు" అని కసిరాడు భీమప్ప.

ఆ పూట చుక్కికి మేత సహించలేదు. తీసుకొచ్చింది తను. అతనికేమైనా అయితే ఆ పాపం తనదే. ఇక ఉండబట్టలేక గుర్రం దగ్గరికెళ్ళింది. "మీ దేశంలో నువ్వేం తినేవాడివి? ఎక్కడ పడుకునేవాడివి?" అని అడిగింది.

"ఎండుగడ్డి అక్కా. పొడి ఇసుక మీద పడక" అన్నాడు జహీర్ నీరసంగా.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పెద్దాయన అంత ప్రేమగా పెడుతుంటే వద్దనడం మా వైపు తప్పు."

సంగతి విని భీమప్ప అలిగాడు. చుక్కి లెక్కచేయలేదు. గుర్రాన్ని మెల్లగా ఇసుకదిబ్బ ఎక్కించింది. దుప్పులన్నీ ఎండుగడ్డి మోసుకొచ్చాయి. మూడు రోజుల పాటు అతను బతుకుతాడో లేదో తెలియలేదు. చుక్కి కంటి మీద కునుకు లేకుండా పక్కనే కూర్చుంది. నాలుగో రోజు జహీర్ లేచి నిలబడ్డాడు.

వేసవి వచ్చింది. పెద్ద పోటు ఒకటి వచ్చి సముద్రం అందరూ నీళ్ళు తాగే మడుగులోకి పొంగింది. నీళ్ళన్నీ ఉప్పైపోయాయి. పిల్లలు దాహంతో అల్లాడిపోయాయి. జహీర్ ఇసుకదిబ్బంతా వాసన చూస్తూ తిరిగి, ఒకచోట గిట్టలతో తవ్వాడు. మోకాలి లోతున మంచినీటి చెలమ పడింది.

"ఎడారిలో మేం నేర్చుకునే మొదటి పని ఇదే" అన్నాడు.

అందరూ తాగారు. భీమప్ప మాత్రం బెట్టు చేసి ఉప్పునీళ్ళే తాగాడు. ఒళ్ళు చిక్కి ఎముకలు తేలాయి. ఆరో రోజున కాళ్ళీడ్చుకుంటూ చెలమ దగ్గరికి వచ్చి, తలదించుకుని నిలబడ్డాడు.

జహీర్ పక్కకు జరిగాడు. "పెద్దయ్యా, మీకు నీళ్ళు ఎలా తాగడం అలవాటు? చెలమ ఇంకాస్త వెడల్పు చేయనా?" అని అడిగాడు.

భీమప్ప వంగి చెలమలో మూతి పెట్టాడు. నిరుడు పోయిన గుర్రం కళ్ళముందు మెదిలింది. దాన్ని తను ఒక్క మాట ఇలా అడిగి ఉంటే అది బతికేది.

నీతి: చుట్టానికి ఏం కావాలో అడిగి పెట్టడమే మర్యాద, మనకు నచ్చిందే పెట్టి మురిసిపోవడం అహంకారం.