ధర్మాధికారి గడ్డం

ఏ రాజు ఏలుబడిలోనో గానీ, ఒక కోటలో రాణిగారికి పూలు కట్టే చెంగలి అనే పదహారేళ్ళ పిల్ల ఉండేది. ఒక ఏడు ఆమె ముఖం నిండా మొటిమలు లేచాయి.

"మనసులో పాడు తలపులుంటేనే మొటిమలు వస్తాయి. ఈ పిల్లను వెళ్ళగొట్టాలి ప్రభూ," అన్నాడు నిండు సభలో రాజుతో ధర్మాధికారి భైరవయ్య, గుబురు గడ్డం నిమురుకుంటూ. ఆ నిందతో బయటికి పోతే ఆమెను ఏ గడపా ఎక్కనివ్వరు. చెంగలి తల ఎత్తలేదు.

రాజుగారికి క్షవరం చేసే ముసలి ఓబులేసు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, సెలవిస్తే ముందు అయ్యగారి గడ్డం తీసేస్తాను."

"నా గడ్డానికీ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు భైరవయ్య.

"తమరికి పద్దెనిమిదేళ్ళప్పుడు తొలిసారి గీసింది నేనే కదయ్యా. మొటిమల మధ్య కత్తి ఆనించడానికి చోటు దొరకలేదు. ఆ మొటిమల గుంటలు గడ్డం కింద ఇంకా ఉంటాయి. అప్పటి తమరి తలపులేమిటో సభకు తమరే చెప్పాలి."

భైరవయ్య చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది.

"ఆ వయసులో ఎవరికైనా వస్తాయి. అందులో తప్పేముంది," అన్నాడు చివరికి.

"ఆ ముక్కే ఆ పిల్ల ముఖం చూసి చెప్పండయ్యా," అన్నాడు ఓబులేసు.

భైరవయ్య చెప్పాడు. రాజు దాన్నే తీర్పుగా రాయించాడు. చెంగలి తల ఎత్తి, పూలబుట్ట అందుకుంది.