గానుగ మోత నేర్చిన యంత్రం

రండి తల్లీ, రండి నాయనా, చాప మీద ఇంకాస్త దగ్గరికి జరగండి. పైవాడికి ఒక దణ్ణం పెట్టుకుని వినండి. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఎలుగుబంటి నడిపే నూనె గానుగలో కాశన్న అనే ఎద్దు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తిరిగేవాడు. పోయిన వానాకాలం అతని దూడకు దగ్గొచ్చింది. వైద్యం తెలిసిన ముసలి కొంగ వాగులు దాటి వచ్చేసరికి ప్రాణం పోయింది. దగ్గు విని జబ్బు చెప్పే యంత్రం ఉంటే నా బిడ్డ బతికేవాడు గదా అని కాశన్న బాధ. గుట్ట మీద ఏనుగు పెట్టిన ఏఐ పరిశోధనశాలలో యంత్రాలకు బుద్ధి నేర్పుతున్నారని విన్నాడు. నూనె డబ్బాలు దించడానికి వెళ్ళినప్పుడు, నన్నూ చేర్చుకుంటారా అని గుమ్మంలో కాపలా ఉన్న నక్కను అడిగాడు.

"చేరాలంటే ముందు గానుగ మానెయ్, బావా," అంది నక్క.

"మానితే మిగిలిన దూడలకు మేత ఎలా?"

"అదిగో, నీకు తపన లేదన్నమాట."

తపనట. తిని కూర్చున్న నోటికి ఆ మాట ఎంత తేలికో చూడండి. కాశన్న గానుగ తిప్పుతూనే యంత్రాలకు బుద్ధి నేర్పే పాఠాలు వల్లెవేశాడు. నెమరేసే వేళ కూడా అవే. మెడలో గంట పక్కన రికార్డరు కట్టుకుని, తెలకపిండి బండ్ల వెంట వచ్చిన దూడలు దగ్గితే ఆ దగ్గులు పట్టాడు. ఏ దగ్గు ఏ జబ్బో కొంగనడిగి తెలుసుకున్నాడు. అంతా తెచ్చి నక్క చేతిలో పెట్టాడు.

"చూద్దాంలే," అంది నక్క. చూసింది కూడా. తన పనేనని చెప్పి ఏనుగు ముందు పెట్టింది.

ఆ దగ్గులు వినిపించి నేర్పిన యంత్రానికి పరీక్ష పెట్టిన పూట కాశన్న బయట డబ్బాలు దించుతున్నాడు. లోపల జబ్బు దూడ ఒకటి దగ్గింది. యంత్రం ఉలకలేదు, పలకలేదు. అంతలో తలుపు కిర్రుమంది.

"దూడకు జబ్బు," అంది యంత్రం.

"తలుపుకు జబ్బేమిటోయ్?" అంది ఏనుగు. "ఈ దగ్గులు ఎక్కడ పట్టావు?"

నక్క గొంతు సవరించుకుంది. "అడవి నడుమ దొరా, ప్రశాంతమైన చోట..."

కాశన్న లోపలికి తల పెట్టాడు. "కాదయ్యా. జబ్బు దూడల దగ్గులు నేను గానుగ తిప్పుతూ పట్టాను. బాగున్న దూడల గొంతులు ఇంటి దగ్గర పట్టాను. యంత్రం దగ్గు వదిలేసి గానుగ కిర్రు నేర్చుకున్నట్టుంది."

ఏనుగు రికార్డరు పెట్టి వింది. ప్రతి దగ్గు వెనకా కిర్రు, కిర్రు.

"మీ అడవి నడుమ గానుగ కూడా ఉందా?" అని నక్కను అడిగింది. నక్క తోక ముడిచింది. గుమ్మం కాపలా ఆ పూటే ఊడింది.

"చప్పుడు లేని చోట మళ్ళీ పట్టుకురా, కాశన్నా. నీకిక్కడ చోటుంది," అంది ఏనుగు.

చోటుంది సరే, తీరికేది? "ఒక్క పూట ఆగావా, ఇంకో ఎద్దును తెచ్చుకుంటాను," అంది ఎలుగుబంటి.

అప్పుడు బట్టల మూటలు మోసే గాడిద పోలమ్మ వచ్చి కాడి కింద మెడ పెట్టింది. "పొద్దుటి పూట నేను తిప్పుతాను. నువ్వెళ్ళన్నా."

"నీ మూటలు?"

"ఎండ దిగాక మోస్తాలే. పోయిన నీ బిడ్డ నాకు మేనల్లుడు కాదూ."

కాశన్న గుట్టెక్కాడు.

తపన లేదనడానికి నోరుంటే చాలు, ఒకడు ఎదగాలంటే ఇంకొకరు వాడి కాడి కాసేపు మొయ్యాలి. నా కథంతా మరిచిపోయినా ఆ గాడిద మెడ పెట్టిన తీరు ఒక్కటి గుర్తుంచుకోండి. రేపు మీ పక్కవాడికి ఆ పని చేయండి, దేవుడు మెచ్చుతాడు.